పాత యంత్రాలు, మీ ప్రశ్నలు: వరద నీరు తాగిన పిన్‌బాల్ పెట్టె

ఈ నెల శీర్షికలో చాలా భాగాన్ని కర్నూలుకు చెందిన ఒకే పాఠకుని ఉత్తరాలకు ఇస్తున్నాం. వాలు పలక మీద దొర్లే ఉక్కు గోలీని చిన్న రెక్కలతో కొట్టి పాయింట్లు తెచ్చుకునే ఆట పెట్టె, పిన్‌బాల్ యంత్రం గురించి ఆయన కొన్ని వారాల వ్యవధిలో మూడు ఉత్తరాలు రాశారు. మొదటి రెండింటికి జవాబులు ఆలస్యం కాకూడదని విడిగా పంపాం. ఇప్పుడు మూడింటినీ వరుసగా, జవాబులతో సహా అచ్చువేస్తున్నాం. చివర కడప, అనంతపురం పాఠకుల ప్రశ్నలు రెండు ఉన్నాయి.

ప్రశ్న: మా నాన్నగారు 1980లలో కర్నూలు పాతబస్తీలో చిన్న ఆటల దుకాణం నడిపేవారు. క్యారమ్ బల్లలతో పాటు, బెంగళూరులో ఒక క్లబ్బు వదిలించుకున్న అమెరికా పిన్‌బాల్ యంత్రం ఒకటి అందులో ఉండేది. 2009 అక్టోబరు వరదలో నీరు దాని పెట్టెలో సగం దాకా వచ్చి నిలిచింది. వెనుక నిలువుగా ఉండే బొమ్మల అద్దం పెట్టె మాత్రం తడవలేదు. అప్పటి నుంచి మిద్దె మీద గదిలో గోనెపట్టాలు కప్పి ఉంచాం. లోపల ఎలక్ట్రానిక్ బోర్డులు ఏవీ లేవు. తీగలు, రిలేలు, అంకెల చక్రాలు మాత్రమే కనిపిస్తున్నాయి. వెనుక చీటీ మీద 115 వోల్టులు, 60 సైకిల్స్ అని ఉంది. ఇంకా కరెంటు పెట్టలేదు. ఎక్కడ మొదలుపెట్టాలి? — ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: కరెంటు పెట్టకపోవడమే మీరు ఇంతవరకు చేసిన పనులన్నింటిలోకీ మంచిది. ఇన్నేళ్లు ఆగారు కనుక ఇంకొక నెల ఆగండి.

షికాగోలోని గాట్లీబ్, విలియమ్స్, బ్యాలీ వంటి సంస్థలు 1970ల చివరి వరకు చేసిన యంత్రాలలో ‘మెదడు’ అని వేలు పెట్టి చూపగలిగిన భాగం ఏదీ ఉండదు. గోలీ ఒక స్విచ్చిని తాకితే ఒక రిలే, అంటే కరెంటు అందగానే అయస్కాంతంతో పనిచేసే స్విచ్చి, లాక్కుంటుంది. ఆ రిలే మరికొన్ని స్విచ్చులను మూసి, కొన్నింటిని తెరుస్తుంది. వాటి వల్ల ఒక మోటారు తిరుగుతుంది, ఆ మోటారు మీది గుబ్బలు ఇంకొన్ని స్విచ్చులను వరుసగా నొక్కుతాయి, అంకెల చక్రం ఒక్కొక్క పన్ను చొప్పున జరుగుతుంది. నేను టెలిఫోన్ ఎక్స్‌ఛేంజీలో చేరిన కొత్తలో అక్కడ ఉన్నది స్ట్రోజర్ పద్ధతి. మీరు డయల్ తిప్పిన ఒక్కొక్క అంకెకూ ఒక్కొక్క సెలెక్టరు టకటకమని మెట్లెక్కేది. చాలా ఏళ్ల తరువాత మొదటిసారి ఒక పిన్‌బాల్ పెట్టె అడుగు చూసినప్పుడు నాకు మళ్లీ డ్యూటీ గదిలోకి వెళ్లినట్లు అనిపించింది. ఆ పోలిక వల్ల మీకు ఒక లాభం ఉంది: ఇలాంటి యంత్రంలో వచ్చే లోపం చాలావరకు చిలుము పట్టిన కాంటాక్టు, వంగిన రేకు, జిడ్డు గట్టిపడి బిగుసుకున్న మెట్టు, ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుంది. విడిభాగాలు కొనడం, తీగలు మార్చడం అన్నిటికంటె చివర చేయవలసిన పనులు.

మీ విషయంలో వరద ఒక చిక్కు తెచ్చింది. ట్రాన్స్‌ఫార్మర్, స్కోరు మోటారు, ముఖ్యమైన రిలేల వరుస, ఇవన్నీ బిగించి ఉండేది పెట్టె అడుగున పరచిన పలక మీదనే. అంటే నీరు సరిగ్గా చేరకూడని చోటికే చేరింది. అంకెల చక్రాలు పై పెట్టెలో ఉంటాయి కాబట్టి అవి బతికాయి. తుంగభద్ర తెచ్చిన ఒండ్రు చాలా మెత్తనిది. రిలే రేకుల మధ్య పొరలా పట్టి ఎండిపోయి ఉంటుంది, పైకి దుమ్ములాగానే కనిపిస్తుంది.

ముందుగా ప్రతి భాగాన్నీ నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకోండి. పై పెట్టెకూ కింది పెట్టెకూ మధ్య ఉండే పెద్ద ప్లగ్గులకు, వాటి జత సాకెట్లకు గుర్తులు రాసి అంటించండి. ఒకదాని సాకెట్‌లో మరొకటి దూరిపోయే రెండు ప్లగ్గులను తారుమారు చేయడం వల్ల వచ్చే నష్టం వరద నష్టం కంటె పెద్దది కావచ్చు. తరువాత ఒండ్రును పొడి కుంచెతోనే రాల్చండి, గాలి ఊదే బ్లోయరుతో బయటికి తోలండి. నీరు వద్దు. అంటుకుని మిగిలినదానిని ఐసోప్రొపైల్ ఆల్కహాలులో ముంచిన కుంచెతో, గది తలుపులు తెరిచి ఉంచి, దగ్గరలో మంట లేకుండా చూసుకుని తుడవండి. తుప్పు వదిలించడానికి ఇళ్లలో వాడే డబ్ల్యూడీ-40 వంటి స్ప్రేలను రిలేల మీద కొట్టకండి. అవి మండే స్వభావం గలవి, ఈ కాంటాక్టుల దగ్గర రవ్వలు లేవడం మామూలు. పైగా మిగిలిపోయే జిడ్డు మళ్లీ దుమ్మును పిలుస్తుంది.

ట్రాన్స్‌ఫార్మరును, స్కోరు మోటారును విప్పి బోరు మోటార్లు చుట్టే వైండింగ్ షాపుకు తీసుకువెళ్లండి. మీ ఊరిలో అలాంటి షాపును వెతుక్కోనవసరం లేదు. అక్కడ మెగ్గర్, అంటే ఇన్సులేషన్ కొలిచే మీటరు, ఉంటుంది. చుట్లకూ ఇనుప గుండెకూ మధ్య, మొదటి చుట్టుకూ రెండవ చుట్టుకూ మధ్య 500 వోల్టులతో కొలిపించండి. రీడింగు మెగోములలో నిలకడగా ఉంటే సరే. అంతకంటె తక్కువ ఉంటే తేమ ఇంకా లోపల ఉన్నట్లు. వార్నిషు ఆరబెట్టే ఓవెను వారి దగ్గర ఉంటే తక్కువ వేడిలో కొన్ని గంటలు ఉంచి మళ్లీ కొలవమనండి. అప్పటికీ రీడింగు లేవకపోతే ఆ ట్రాన్స్‌ఫార్మరుకు కరెంటు ఇవ్వకూడదు, తిరిగి చుట్టించాలి. స్కోరు మోటారు గేరు పెట్టెలో పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉంటుంది. దానిని పూర్తిగా తీసివేసి, కొత్త గ్రీజు కొంచెమే పెట్టాలి.

తరువాత వోల్టేజీ సంగతి. మన ఇళ్లకు వచ్చేది 230 వోల్టులు, 50 సైకిల్స్. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మరు తప్పనిసరి. 500 వీఏ సామర్థ్యం ఉన్నది చాలు. 60 సైకిల్స్ కోసం చుట్టిన ట్రాన్స్‌ఫార్మరును 50 మీద నడిపితే అదే వోల్టేజీకి దాని ఇనుములో అయస్కాంత భారం పెరిగి, ఎక్కువ వేడెక్కుతుంది. లెక్క ప్రకారం 115 బదులు 96 వోల్టులు ఇస్తే పాత భారానికి సమానం. అందువల్ల 120 ఇచ్చే స్టెప్‌డౌన్ కొనకండి. 110 ఇచ్చేది, వీలైతే 100 కూడా ఇచ్చేది కొనండి. స్కోరు మోటారు ఆరింట ఒక వంతు నెమ్మదిగా తిరుగుతుంది, దానివల్ల ఆటకు ఇబ్బంది లేదు. బజారులో చౌకగా దొరికే స్టెప్‌డౌన్‌లు చాలావరకు ఒకే చుట్టు ఉన్న ఆటో రకం; అవి వోల్టేజీ తగ్గిస్తాయే గాని ఇంటి లైనుతో సంబంధాన్ని తెంచవు. రెండు వేరు చుట్లు ఉన్నదానిని అడిగి తీసుకోండి. పాత రెండు పిన్నుల వైరు తీసివేసి మూడు పిన్నులది వేయించి, ఎర్తును ట్రాన్స్‌ఫార్మరు ఇనుముకు, నాణేలు వేసే తలుపు లోహానికి, కాళ్ల బోల్టులకు కలపాలి. పిల్లలు ముట్టుకునే యంత్రం ఇది. ఈ పని చేయకుండా ప్లగ్గు పెట్టకండి.

మొదటిసారి కరెంటు ఇచ్చేటప్పుడు మన ఎలక్ట్రీషియన్ల సిరీస్ బల్బును మించిన సాధనం లేదు. స్టెప్‌డౌన్‌కు ముందు, 230 వైపున, 100 వాట్ల పాతకాలపు తీగ బల్బును వరుసలో పెట్టండి. యంత్రం లోపల ట్రాన్స్‌ఫార్మరు తరువాత ఉండే ఫ్యూజులన్నీ తీసివేయండి. స్విచ్చి వేయగానే బల్బు ఒక్కసారి మెరిసి మసకబారితే ట్రాన్స్‌ఫార్మరు బాగున్నట్లు. నిండుగా వెలుగుతూనే ఉంటే వెంటనే ఆపి, షార్టు ఎక్కడుందో వెతకాలి. తరువాత ఒక్కొక్క ఫ్యూజే వేస్తూ, ప్రతిసారీ ఆపి వేస్తూ ముందుకు వెళ్లండి. దీపాల ఫ్యూజు వేసినప్పుడు బల్బు కొంత వెలగడం సహజమే, ఎందుకంటే లోపలి చిన్న బల్బులన్నీ కలిసి చాలా కరెంటు లాగుతాయి.

ప్రశ్న: మీరు చెప్పినట్లే చేశాను. ట్రాన్స్‌ఫార్మరును ఆరబెట్టించిన తరువాత మెగ్గర్ మంచి రీడింగు చూపించింది. దీపాలు వెలుగుతున్నాయి. నాన్నగారి కళ్లలో నీళ్లు తిరిగాయి. అయితే ఆట మొదలుపెట్టే బటను నొక్కగానే కింద మోటారు తిరగడం మొదలుపెట్టి ఆగడం లేదు. అంకెల చక్రాలన్నీ తిరిగి సున్నా దగ్గరకు వచ్చి నిలిచాయి, గోలీ మాత్రం బయటికి రాదు. మోటారు పాడైందా? — అదే పాఠకుడు

జవాబు: మోటారు పాడు కాలేదు. ఎవరో ‘ఇంకా పని పూర్తి కాలేదు’ అని చెబుతున్నారు కాబట్టి అది తిరుగుతూనే ఉంది. ఆ చెబుతున్నది ఎవరో కనిపెట్టడమే మీ పని.

ఆట మొదలైనప్పుడు రీసెట్ రిలే ఒకటి లాక్కుంటుంది. అది లాక్కుని ఉన్నంతసేపు మోటారు తిరుగుతూ, ప్రతి తిప్పులోనూ అంకెల చక్రాలకు తట్లు పంపుతుంది. ప్రతి చక్రం వెనుక చిన్న స్విచ్చి ఒకటి ఉంటుంది; చక్రం సున్నా మీదకు రాగానే అది తెరుచుకుని, ఇక తట్లు అక్కరలేదని తెలుపుతుంది. అన్ని చక్రాల స్విచ్చులూ తెరుచుకున్న తరువాతే రీసెట్ రిలే వదులుతుంది, అప్పుడే గోలీ వస్తుంది. మీ కంటికి అన్నీ సున్నాలుగా కనిపిస్తున్నా, యంత్రం చూసేది అంకెను కాదు, స్విచ్చిని. ఒక స్విచ్చి రేకు వంగి మూసుకునే ఉంటే మోటారు తెల్లవార్లూ తిరుగుతుంది.

కరెంటు తీసివేసి, పై పెట్టె తెరిచి, ఒక్కొక్క చక్రాన్నీ చేతితో 9 నుంచి సున్నాకు జరుపుతూ ఆ రేకులను టార్చి వెలుగులో చూడండి. సున్నా దగ్గర రెండు కాంటాక్టుల మధ్య సుమారు 1.5 మిల్లీమీటర్ల ఖాళీ స్పష్టంగా కనిపించాలి. కనిపించకపోతే రేకును మొదలు దగ్గర, అంటే పేర్చిన దొంతరకు దగ్గరగా పట్టుకుని కొద్దిగా వంచండి. కొనను పట్టుకుని వంచితే రేకు మెలిక పడి ఎన్నటికీ సర్దుకోదు. మూసుకునే స్విచ్చుల విషయంలో ఒక జాగ్రత్త ఉంది. రెండు కాంటాక్టులు తాకి ఆగిపోతే చాలదు, తాకిన తరువాత వెనుక రేకు ఇంకొంచెం వంగాలి. ఆ చిన్న రాపిడి వల్లనే అవి తమను తాము శుభ్రం చేసుకుంటాయి.

చక్రాల దగ్గర లోపం దొరకకపోతే రెండు చోట్లు చూడండి. ఎన్నవ గోలీ ఆడుతున్నారో లెక్కపెట్టే మెట్ల చక్రం మొదటి స్థానానికి వెనక్కి వచ్చిందా? వాటి పళ్లలో పాత గ్రీజు గట్టిపడితే స్ప్రింగు వెనక్కి లాగలేదు; విప్పి, తుడిచి, పళ్లకు గ్రీజు పెట్టకుండానే బిగించాలి. రెండవది, ఆట పలక కింద 50 పాయింట్ల వంటి స్విచ్చి ఏదైనా మూసుకునే ఉందేమో. 50 పాయింట్లు రావాలంటే మోటారు తిరిగి పదుల చక్రానికి వరుసగా 5 తట్లు పంపాలి. ఆ స్విచ్చి మూసుకుపోయి ఉంటే దాని రిలే వదలదు, మోటారూ ఆగదు.

కాంటాక్టులను రుద్దడానికి నేను ఎక్స్‌ఛేంజీలో వాడిన సన్నని ఆకురాయిని ఇప్పటికీ జేబులో పెట్టుకుని తిరుగుతాను. మీకు అది దొరకకపోతే 600 నంబరు నీటి ఎమరీ కాగితాన్ని సన్నని పట్టీగా కత్తిరించి, కాంటాక్టుల మధ్య పెట్టి, తేలికగా అదిమి రెండు మూడు సార్లు లాగండి. తరువాత దళసరి శుభలేఖ ముక్కను ఆల్కహాలుతో తడిపి అలాగే లాగితే పొడి బయటికి వస్తుంది. ఈ పని ముగిసిన తరువాత ఆట మొదలై గోలీ వచ్చినా ఏ స్విచ్చికీ పాయింట్లు పడకపోతే టిల్ట్ చూడండి. పెట్టె లోపల ఎడమ పక్కన, గోడ నిలువు చూడటానికి మేస్త్రీ వేలాడదీసే గుండు లాంటిది ఒక వలయం మధ్య వేలాడుతూ ఉంటుంది. యంత్రాన్ని ఊపితే గుండు వలయాన్ని తాకి ఆట ఆగిపోతుంది. వరదలో ఆ కడ్డీ వంగి ఉంటే యంత్రం తనను ఎవరో ఊపుతున్నట్లే ఎల్లప్పుడూ భావిస్తుంది.

ప్రశ్న: పదుల చక్రం వెనుక రేకే వంగి ఉంది, సరిచేయగానే గోలీ వచ్చింది. ఇప్పుడు ఆట నడుస్తోంది. అయితే ఎడమ ఫ్లిప్పరు (గోలీని కొట్టే చిన్న రెక్క) బలహీనంగా కొడుతోంది, గోలీ సగం దూరం కూడా ఎక్కదు. పావుగంట ఆడితే అదే వైపు నుంచి కాలిన వాసన వస్తోంది. రెండుసార్లు ఫ్యూజు పోయింది. తెలిసిన ఎలక్ట్రీషియన్ పెద్ద ఫ్యూజు వేయమన్నారు. — అదే పాఠకుడు

జవాబు: పెద్ద ఫ్యూజు వేయకండి. ఫ్యూజు పట్టే క్లిప్పు దగ్గర అచ్చువేసిన ఆంపియర్లే వేయాలి. అంతకు మించితే ఈసారి కాలేది కాయిలు, ఆ తరువాత తీగల కట్ట.

ఫ్లిప్పరు కాయిలులో రెండు చుట్లు ఉంటాయి. లావు తీగ చుట్టు కొద్ది ఓమ్‌లు మాత్రమే ఉండి బలంగా లాగుతుంది, కానీ ఎక్కువసేపు భరించలేదు. సన్న తీగ చుట్టు పదుల ఓమ్‌లు ఉండి, లేచిన ఫ్లిప్పరును లేచినట్లు పట్టి ఉంచడానికి పనికివస్తుంది. బటను నొక్కగానే కరెంటు బలమైన చుట్టులోనే పోతుంది. ఫ్లిప్పరు పూర్తిగా లేచిన చివరి క్షణంలో దాని తోక ఒక స్విచ్చిని తెరుస్తుంది, అప్పుడు సన్న చుట్టు కూడా దారిలో చేరి కరెంటు బాగా తగ్గుతుంది.

బలహీనత, వేడి రెండూ ఒకే ఫ్లిప్పరుకు వచ్చాయన్నారు కాబట్టి రెండింటికీ ఒకే మూలం ఉందని నా అనుమానం. కాయిలు మధ్యలోని గొట్టంలో ఒండ్రు చేరి, ఇనుప కడ్డీ రాసుకుంటూ కదులుతోంది. అందువల్ల దెబ్బ బలహీనపడింది. ఫ్లిప్పరు చివరిదాకా లేవడం లేదు కాబట్టి ఆ స్విచ్చి తెరుచుకోవడం లేదు. మీరు బటను పట్టుకుని ఉన్నంతసేపు పూర్తి కరెంటు బలమైన చుట్టులోనే పోతోంది, కాబట్టి వాసన. కరెంటు తీసి, వేలితో ఫ్లిప్పరును పైకి లేపి వదలండి. అది తడబడకుండా తనంతట పడిపోవాలి, పైన ఉన్నప్పుడు స్విచ్చి సుమారు 3 మిల్లీమీటర్లు తెరుచుకుని ఉండాలి. పడిపోకపోతే కాయిలు విప్పి గొట్టం మార్చండి. పాత యంత్రాలలో అది ఇత్తడిదై ఉండవచ్చు, నైలాన్‌ది వేస్తే కడ్డీ తేలికగా జారుతుంది. గొట్టంలో నూనె వేయకూడదు. ఒక రోజు బాగా కొట్టి, నెలలోపే జిగురవుతుంది. కడ్డీ కొన దెబ్బలు తిని పుట్టగొడుగులా విచ్చుకుని ఉంటే ఆకురాయితో అంచు తీయండి.

కాయిలు నిజంగానే కాలి ఉంటే, కాగితం చుట్టు నల్లబడి, కుడి కాయిలుతో పోల్చినప్పుడు ఓమ్‌లు తేడాగా వస్తాయి. కొత్తది తెప్పించడం ఖర్చయితే మళ్లీ ఆ వైండింగ్ షాపే దిక్కు. పాత చుట్లు లెక్కపెడుతూ విప్పమనండి, తీగ మందాన్ని మైక్రోమీటరుతో మిల్లీమీటర్లలో కొలవమనండి. నంబరు చెప్పి చుట్టించవద్దు. అమెరికా గేజీ వేరు, మన షాపులలో వాడే ఎస్‌డబ్ల్యూజీ అనే బ్రిటిష్ గేజీ వేరు. 24 నంబరు తీగ అమెరికా లెక్కలో 0.51 మిల్లీమీటర్లు, మన లెక్కలో 0.56. సన్న చుట్టును కూడా లావు చుట్టు తిరిగిన దిశలోనే చుట్టాలి. ఎదురు దిశలో చుడితే ఒకదాని బలాన్ని మరొకటి తినివేసి, లేచిన ఫ్లిప్పరు వెంటనే జారిపోతుంది.

ఈ చిన్న రెక్కల మీద ఇంత శ్రద్ధ ఎందుకని మీరు అడగవచ్చు. ఫ్లిప్పర్లు వచ్చింది 1947లో, గాట్లీబ్ సంస్థ చేసిన ‘హంప్టీ డంప్టీ’తో. అంతకు ముందు గోలీ వదిలాక ఆటగాడు చేయగలిగింది పెట్టెను కాస్త తట్టడం, లేదా దేవుడిని తలుచుకోవడం. జూదమనే కారణంతో న్యూయార్కు నగరం 1942లో ఈ యంత్రాలను నిషేధించి, 1976లో గాని మళ్లీ అనుమతించలేదు. ఇది అదృష్టం మీద కాక చేతి నేర్పు మీద ఆధారపడిన ఆట అని అక్కడి నగర మండలి సభ్యుల ముందు ఒక ఆటగాడు ఆడి చూపించవలసి వచ్చింది. బలహీనమైన ఫ్లిప్పరు ఉన్న యంత్రం ఆ పాత జూదానికే తిరిగి వెళ్లినట్లు.

ఇంకొక విషయం. ఫ్లిప్పరు బాగుచేశాక కూడా గోలీ నెమ్మదిగా అనిపిస్తే వాలు చూడండి. ఆ కాలపు యంత్రాలకు సుమారు 3.5 డిగ్రీల వాలు సరిపోతుంది. మీటరు పొడవుకు 6 సెంటీమీటర్ల ఎత్తు తేడా అనుకోండి. అడ్డంగా మాత్రం రసమట్టం బుడగ నడుమనే నిలవాలి. పాత గోలీకి తుప్పు మచ్చలు ఉంటే అది ఆట పలక రంగును గీరుతుంది. 27 మిల్లీమీటర్ల వ్యాసం, 80 గ్రాముల బరువు ఉన్న ఉక్కు గోలీ బేరింగులు అమ్మే దుకాణంలో అడగండి. అంగుళాలలో చెప్పవలసి వస్తే అది ఒకటీ పదహారింట ఒక వంతు.

ప్రశ్న: మా లాడ్జిలో అలంకారంగా ఒక పాత పిన్‌బాల్ యంత్రం ఉంది. పై అద్దం వెనుక వేసిన బొమ్మ పెచ్చులు లేస్తోంది. తడిగుడ్డతో తుడవవచ్చా? — ఒక పాఠకురాలు, కడప

జవాబు: వద్దమ్మా. అద్దం ముందువైపు ఎలాగైనా తుడవండి, రంగు ఉన్న వెనుకవైపు పొడిగుడ్డ కూడా తగలనివ్వకండి. లేచిన రంగు తుడుపుతో పాటే వచ్చేస్తుంది, మళ్లీ అతకదు. అద్దం వెనుక గంటల తరబడి వెలిగే తీగ బల్బుల వేడి, మీ కడప ఎండల వేడి కలిసి రంగును అద్దం నుంచి విడదీస్తాయి. అలంకారానికే కాబట్టి 44 నంబరు బల్బులు ఉంటే 47 నంబరువి వేయించండి, అవి 0.25 ఆంపియర్ల బదులు 0.15 మాత్రమే లాగుతాయి, వేడి తగ్గుతుంది. ఎండ పడే గోడ నుంచి యంత్రాన్ని జరపండి. రంగు మీద స్ప్రే పూత వేసి నిలబెట్టే పద్ధతి ఉంది గాని, అద్దం మూలలో రూపాయి బిళ్లంత చోట ప్రయత్నించి, ఒక రోజు చూసిన తరువాతే మిగతా చోట వేయించండి.

ప్రశ్న: నా దగ్గర ఉన్నది 1980ల ఎలక్ట్రానిక్ యంత్రం. బోర్డు మీద బ్యాటరీ చుట్టూ పచ్చగా, నీలంగా పొక్కులు లేచాయి. యంత్రం మొదలుకావడం లేదు. — ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: పైన చెప్పిన ఎమరీ కాగితం మీకు వర్తించదు. మీ యంత్రం ఆట పలక మీది స్విచ్చులకు బంగారు పూత ఉంటుంది, రుద్దితే పోతుంది. శుభలేఖ ముక్కే వాడండి.

పొక్కులకు కారణం నికెల్-కాడ్మియం బ్యాటరీ నుంచి కారిన ద్రవం. అది కారు బ్యాటరీలోని ఆమ్లం లాంటిది కాదు, క్షారం. కాబట్టి వంటసోడా పనికిరాదు, తెల్ల వెనిగర్ కావాలి. బ్యాటరీని ముందుగా కత్తిరించి తీసివేయండి. బోర్డును యంత్రం నుంచి విప్పి, పొక్కుల మీద వెనిగర్‌ను పాత పళ్లకుంచెతో రాసి, నురగ ఆగిన తరువాత శుద్ధజలంతో కడిగి, ఆల్కహాలుతో మరోసారి కడిగి, నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. అప్పుడు భూతద్దంతో రాగి దారులను చూడండి. పచ్చదనం పోయిన చోట రాగి కూడా పోయి ఉంటే అక్కడ సన్న తీగ వేసి సోల్డరు చేయాలి. చిలుము పట్టిన చిప్ సాకెట్లను పీకి కొత్తవి వేయాలి. కొత్త బ్యాటరీని మళ్లీ బోర్డు మీద పెట్టించకండి. తిరిగి చార్జి కాని సెల్లులు వాడేట్లయితే దారిలో కరెంటును ఒక వైపే పోనిచ్చే డయోడు ఒకటి ఉండాలి, లేకపోతే యంత్రం వాటిని చార్జి చేయబోయి మళ్లీ కార్పిస్తుంది. ఆ సెల్లుల డబ్బాను రెండు పొడవాటి తీగలతో పెట్టె అడుగున, బోర్డుకు దూరంగా బిగించండి.